రసాయన శాస్త్రపు జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఉన్నత పాఠశాల విద్యార్థుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)

ముందు వరుసలో చాపలపై కూర్చున్న పదవ తరగతి బాలబాలికలారా! ఈ ఉపన్యాసము ముఖ్యముగ మీ కొరకే. పెద్దలు కొంత ఓపికతో వినవలెనని ప్రార్థన.

కార్యదర్శిగారు నన్ను మాటాడుమని పిలిచినపుడు ఏ ప్రబంధమునుండియో నాలుగు పద్యములు చదివి అర్థము చెప్పుదునని తలచిరి. ఈ యూరిలో నాకు గల పేరు అట్టిది. పగలు లెక్కలు వ్రాయును, రాత్రి కావ్యము విప్పును అని నన్ను గూర్చి చెప్పుకొందురు. "రసాయన శాస్త్రమును గూర్చి మాటాడెదను" అని నేననగా ఆయన కొంత తడవు నా ముఖము వంక చూచి "మీరా?" అనిరి. నేనే. ఎందుల కనగా, ఆ శాస్త్రము నాకు కావ్యమువలెగాక లెక్కల పుస్తకమువలె కనబడినది. లెక్కల పుస్తకము నాకు భయము కలిగించునది కాదు.

కారణము మరొకటి కూడ కలదు. సాయంకాలము ఆరు దాటిన పిదప నేను మన పఠన మందిరములో ఒక మూల కూర్చుండుట మీ రెరుగుదురు. సంక్రాంతి వెళ్ళినది మొదలు అచట ఒక ధ్వని వినవచ్చును. ఆమ్లములు నీలి లిట్మస్‌ను ఎరుపుగ మార్చును, క్షారములు ఎర్ర లిట్మస్‌ను నీలముగ మార్చును అని పిల్లలు ఊగుచు వల్లించెదరు. వినుటకు ఇంపుగనే యుండును. ఒకనాడు అట్లు వల్లించుచున్న ఒక బాలికను "అమ్మాయీ, మీ యింటి చింతపండు పులుసులో ఆ నీలికాగితము ముంచినచో ఏమగును?" అని అడిగితిని. ఆమె పుస్తకము రెండు మూడు పుటలు త్రిప్పి, "పంతులుగారూ, అది మా పాఠములో లేదండీ" అనినది. బుద్ధిమంతురాలైన పిల్ల. ఆ యేటి పరీక్షలో తక్కిన పత్రములన్నియు గట్టెక్కి, ఈ యొక్క పత్రములో తప్పినది. మరల వ్రాయుటకు రుసుము కట్టినవారు లేరు. ఇప్పుడు మిరపకోతలకు పోవుచున్నది. కూలిపనిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఆ పిల్లకు నర్సు చదువు చదువవలెనని కోరిక యుండెను. ఏటేట మన యూరిలో ఇట్టివారు ఒకరో ఇద్దరో యుండుచునే యున్నారు. కావున ఈ రజతోత్సవమున పద్యముల కంటె ఇదియే ముందు చెప్పవలసిన సంగతి యని నాకు తోచినది.

చదివిన దానిని మరల చదువుటకు మన భాషలో 'పునశ్చరణ' యను మాట వాడుదురు. మంత్రజపమును గూర్చియు ఆ మాట వాడుదురు. నోటితో పలుమారు పలుకుటయే పునశ్చరణమైనచో చిలుకకంటె సిద్ధపురుషుడు లేడు. నా వృత్తిలో దీనికి సాటివచ్చునది జమాబంది. పూర్వము ఏటేట పై యధికారులు గ్రామపు లెక్కలన్నియు తెప్పించి పద్దు పద్దును సరిచూచెడివారు. అపుడు లెక్కలు వ్రాసినవాడు తన పుస్తకమును గట్టిగ చదివిన చాలదు. "ఈ మొత్తము ఎచటనుండి వచ్చినది? ఎచటకు పోయినది?" అని అడిగిన దానికి ఉత్తరము చెప్పవలెను. మీరు చదివిన ప్రతి పాఠమును ఆ రెండు ప్రశ్నలతో తిరిగి చూడుడు. రసాయన శాస్త్రములో నూటికి తొంబది పాళ్ళు ఆ రెండు ప్రశ్నలకు ఉత్తరమే.

ఇది నా కల్పన కాదు. ఆధునిక రసాయన శాస్త్రమునకు పునాది వేసినవాడని పేరుపొందిన లావోయిజియర్ ఫ్రాన్సు దేశమున రాజుగారి పన్నులు వసూలు చేయు కంపెనీలో భాగస్వామి. అనగా మా తెగవాడే. ఆ రాబడితో ఆ కాలమున దొరకు మిక్కిలి సూక్ష్మమైన త్రాసులను చేయించుకొని, చర్యకు ముందు తూచెను, చర్యకు పిమ్మట తూచెను. మూతవేసిన పాత్రలో ఏమి కాలినను, ఏమి కరిగినను మొత్తము బరువు మారదని తేల్చెను. 1789లో అచ్చయిన తన గ్రంథములో ఆ మాట స్పష్టముగ వ్రాసెను. మీ పుస్తకములోని ద్రవ్యనిత్యత్వ నియమము ఇదియే. పాపము, ఆ పన్నుల ఉద్యోగమే ఆయనకు ముప్పు తెచ్చినది. విప్లవ కాలమున 1794 మే 8వ తేదీన తక్కిన పన్నుల భాగస్వాములతోపాటు ఆయన శిరస్సును కూడ ఖండించిరి.

ఇక మన గోడలకు వత్తము. ఈ ఉత్సవమునకై గ్రంథాలయమునకు సున్నము వేయించితిమి గదా. ఆ సున్నపు లెక్క ఒకటి క్షుణ్ణముగ చూచినచో మీకు సగము పాఠములు పునశ్చరణమైనట్లే.

సున్నపురాయి యనగా కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాల్చువారు దానిని 100 కిలోలు వేసినచో, రాయి శుద్ధమైనదైన యెడల 56 కిలోల పొడిసున్నము మాత్రమే చేతికి వచ్చును. తక్కిన 44 కిలోలు ఏమైనవి? బట్టీవాడు దొంగిలించలేదు. అది బొగ్గుపులుసు వాయువై, అనగా కార్బన్ డై ఆక్సైడ్‌గా, గాలిలో కలిసినది. ఈ వాయువు రాతిలో బందీయై యుండెనని స్కాట్లండు దేశస్థుడైన జోసెఫ్ బ్లాక్ 1756లో తూకము వేసి చూపెను. ఇప్పుడు ఆ 56 కిలోల పొడిసున్నముపై నీరు పోయుదురు. కుతకుత ఉడికి, పొగలు వచ్చి, రాయి విరిసి మెత్తనగును. ఆ పొగ నీటి ఆవిరియే. వేడిని బయటకు విడుచు చర్య యని మీరు చదివినది అదియే. అందులో 18 కిలోల నీరు సున్నముతో కలిసిపోయి 74 కిలోల తడిసున్నమగును. పోసిన నీరంతయు కలిసినదని తలపకుడు. ఎక్కువైనది ఊరక తడిగ నుండును, లెక్కలోనికి రాదు.

గోడకు వేసిన పిదప కథ ముగిసినదని మనము తలతుము. కాలేదు. ఆ 74 కిలోల తడిసున్నము గాలినుండి 44 కిలోల బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగ పీల్చుకొని, 18 కిలోల నీటిని బయటకు విడుచును. మిగిలినది 100 కిలోల కాల్షియం కార్బొనేట్. అనగా గోడపై నున్నది మరల సున్నపురాయియే! కొలిమిలో పోయిన 44 తిరిగి జమకు వచ్చినది, విరియబెట్టునపుడు తెచ్చిన 18 తిరిగి చెల్లిపోయినది. ఇంత చక్కగ నిలువ తేలు ఖాతా నా ముప్పది యేండ్ల వృత్తిలో ఒకటి రెండు కూడ చూడలేదు.

తాంబూలము వేసికొను పెద్దలకు ఇది బాగుగ తెలియును. సున్నపుకాయ మూత తెరచి యుంచినచో సున్నము గట్టిపడి పనికిరాకుండపోవును. ఎండిపోయినదని మనమందుము. ఎండుట కొంత, గాలిలోని వాయువును పట్టుకొని రాయిగ మారుట కొంత. అదే కారణమున సున్నపుతేటలోనికి నోటితో ఊదినచో తెల్లగ పాలవలె మారును. పరీక్షలో బొగ్గుపులుసు వాయువును ఎట్లు గుర్తింతువని అడిగిన ఈ పాలరంగునే వ్రాయుదురు. ఆ వాయువును ఇంకను చాలసేపు పంపినచో పాలరంగు పోయి మరల తేటయగును. అపుడు నీటిలో కరగు కాల్షియం బైకార్బొనేట్ ఏర్పడును. ఈ రెండవ సంగతిని చాలమంది మరతురు. గుహలలో రాయి కరగుటకును, కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుటకును మూలము అందులోనే యున్నది.

లెక్క తెలిసినది. దానిని వ్రాయు లిపి నేర్వవలెను. సమీకరణములను తుల్యము చేయుటలో పిల్లలు చేయు తప్పు ఒక్కటే, ఎల్లవేళల అదియే. ఉదజని రెండు పరమాణువులు జతగ నుండును, ఆమ్లజనియు రెండు జతగ నుండును. నీటిలో ఉదజని రెండు, ఆమ్లజని ఒకటి. ఎడమవైపు ఆమ్లజని రెండు, కుడివైపు ఒకటి, లెక్క కుదరలేదు. అపుడు పిల్లవాడేమి చేయును? నీటి సంకేతములో ఆమ్లజని క్రింద ఒక 2 వేసి, సరిపోయినదని సంతోషించును. నాయనా, ఆ యంకె వేయగనే అది నీరు కాదు. గాయములు కడుగు హైడ్రోజన్ పెరాక్సైడ్ అయినది! సంకేతమునకు క్రింద నుండు అంకె దస్తావేజులోని అంకె వంటిది. దానిని దిద్దినచో కూటసృష్టి యందురు. ముందు వేయు అంకె దస్తావేజుల సంఖ్య. దానిని ఎంత కావలసిన అంత పెంచవచ్చును. రెండు నీటి అణువులని వ్రాసితిమా, ఆమ్లజని రెండు కుదిరినది, ఉదజని నాలుగైనది. కావున ఎడమవైపు ఉదజని అణువులు రెండు. ముగిసినది.

గోబర్ గ్యాస్ పొయ్యి గల ఇండ్లవారు ఆ లెక్కను కూడ వేసి చూడుడు. అందు మండునది మీథేన్. అది 16 గ్రాములు కాలుటకు 64 గ్రాముల ఆమ్లజని కావలెను. వచ్చునది 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 36 గ్రాముల నీటి ఆవిరి. అటు ఎనుబది, ఇటు ఎనుబది. తలుపులన్నియు మూసి పొయ్యి వెలిగించినచో ఆ 64 ఎచటనుండి వచ్చునో ఆలోచించుడు. ఆమ్లజని చాలనపుడు ప్రాణాపాయకరమైన కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి వాసన లేదు.

ఒక పరమాణువు మరియొక దానితో ఎన్నింటితో కూడునో తెలుపు సంఖ్య సంయోజకత. దీనిని పట్టికగ బట్టీపట్టుట వృథాశ్రమ. పరమాణువు వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రాన్లు ఎనిమిది యుండుట స్థిరమైన స్థితి యని తెలిసికొన్నచో చాలవరకు దానంతట అదే వచ్చును. సోడియమునకు రెండు, ఎనిమిది, ఒకటి. చివరి ఒకటి భారము. క్లోరిన్‌కు రెండు, ఎనిమిది, ఏడు. ఒకటి తక్కువ. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎదురుపడిరి, ఉప్పు పుట్టినది. ఇది విక్రయము వంటిది. సొత్తు చేయి మారినది. కర్బనమునకు వెలుపల నాలుగు. నాలుగు వదలుటయు కష్టము, నాలుగు తెచ్చుకొనుటయు కష్టము. కావున అది ఉమ్మడి పట్టా వ్రాసికొనును. ఇరువురి ఎలక్ట్రాన్లను ఇరువురును అనుభవింతురు. మొదటిది అయానిక బంధము, రెండవది సమయోజనీయ బంధము. పేర్లు భయంకరములుగ నున్నవి గాని సంగతి పొలము గట్టు తగవుకంటె సులభము.

ఇంతకంటె పిల్లలను భయపెట్టునది మోల్. దీనికి నేను ధాన్యపు వర్తకుని పిలిచెదను. ఆయన గింజలు లెక్కపెట్టునా? పెట్టడు, తూచును. వేయి గింజలు 20 గ్రాములు తూగు వడ్లయినచో 75 కిలోల బస్తాలో 37,50,000 గింజలుండునని కూర్చున్నచోటనే చెప్పవచ్చును. మోల్ కూడ అట్టి సాధనమే. కర్బనము 12 గ్రాములు, నీరు 18 గ్రాములు, బొగ్గుపులుసు వాయువు 44 గ్రాములు తూచినచో మూడింటిలోను కణముల సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్య 6022 వ్రాసి ప్రక్కన ఇరువది సున్నలు పెట్టినంత. దీనినే అవగాడ్రో సంఖ్య యందురు. 2019 నుండి ఈ సంఖ్యనే ఖచ్చితముగ నిర్ణయించి మోల్‌కు నిర్వచనముగ పెట్టిరి. 18 గ్రాముల నీరనగా ఒక గుక్కెడు. ఆ గుక్కెడులో అన్ని అణువులున్నవి.

ఇది పొలమునకు పనికివచ్చునా యని వెనుక వరుసలోని రైతుసోదరులు అడుగవచ్చును. పనికివచ్చును. యూరియా అణువులో కర్బనము ఒకటి, ఆమ్లజని ఒకటి, నత్రజని రెండు, ఉదజని నాలుగు. బరువులు వరుసగ 12, 16, 28, 4; మొత్తము 60. అరువదిలో ఇరువది యెనిమిది పాళ్ళు నత్రజని. నూటికి నలుబదియారున్నర చిల్లర. బస్తాపై 46 అని అచ్చువేసినది ఈ లెక్కయే. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. ఇక డి.ఏ.పి. బస్తాపై 18-46 అని యుండును. ఆ 46 భాస్వరము కాదు! భాస్వరము ఆమ్లజనితో కూడిన పెంటాక్సైడ్ రూపమున లెక్కించు పాత యాచారము అది. ఆ రూపము 142 పాళ్ళలో భాస్వరము 62 పాళ్ళే. కావున నూటికి అసలు భాస్వరము ఇరువది మాత్రమే. పెంటాక్సైడ్ లెక్కన ఇంత వేయుమని ఒకరును, భాస్వరము లెక్కన ఇంత వేయుమని మరొకరును చెప్పినచో, రెండు మాటలకు రెండింతలకు మించిన భేదము వచ్చును. పదవ తరగతి చదువు పిల్ల యింట నున్నచో ఈ లెక్క ఆమెచేత వేయించుడు. ఆమెకు పునశ్చరణ, మీకు ఎరువు ఆదా.

ఆమ్ల క్షారములకు వత్తము. ఇచట నాకు మాటలపై గల మక్కువ కొంత పొడసూపును, క్షమింపుడు. ఆమ్లజని యనగా ఆమ్లమును పుట్టించునది. ఆక్సిజన్ అను గ్రీకు మాటకు సరియైన తెలుగుసేత. కాని ఆ పేరులోనే ఒక పొరపాటు దాగియున్నది. ఆమ్లములన్నింటికిని ఈ వాయువే మూలమని లావోయిజియర్ తలచి ఆ పేరు పెట్టెను. ఇంగ్లండు దేశస్థుడైన హంఫ్రీ డేవీ 1810లో క్లోరిన్ మూలకమని తేల్చుటతో, హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఆమ్లజని లేదని బయటపడెను. ఆమ్లత్వమునకు కారణము ఉదజని. నీటిలో ఉదజని అయాన్లను విడుచునది ఆమ్లము, హైడ్రాక్సైడ్ అయాన్లను విడుచునది క్షారము. రెండును కలిసినచో నీరు, లవణము. పేరు నిలిచినది, సిద్ధాంతము పోయినది.

ఈ తటస్థీకరణము మన వైద్యులకు తెలియని దేమియు కాదు. సుశ్రుత సంహితలో చెట్ల బూడిదనుండి క్షారము తీయు విధము, సున్నపురాతిని కాల్చి కలిపి దానిని తీక్ష్ణముగ చేయు విధము, ఇనుప పాత్రలో నిలువచేయుట, క్షారము తగిలి పుండైనచోట పులుపుతో శమింపజేయుట అన్నియు వివరింపబడియున్నవి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే తన హిందూ రసాయన చరిత్రలో ఈ ఘట్టమును ఎంతయో మెచ్చుకొనెను. అట్లని కణాదుడు పరమాణువును చెప్పెను గనుక డాల్టన్ క్రొత్తగ చెప్పినది లేదనువారితో నేను ఏకీభవింపను. వైశేషికుల పరమాణువులు పృథివి, జలము, తేజస్సు, వాయువు అను భూతములకు చెందినవి. అవి తర్కముచేత సాధింపబడినవి. డాల్టన్ 1808లో ప్రకటించిన పరమాణువునకు బరువు గలదు. రెండును గొప్పవే. ఒక ఖాతాలోని సొమ్మును మరియొక ఖాతాలో చూపుట లెక్కలు వ్రాయువాడు చేయరాని పని.

పి.హెచ్. కొలతలో 7 తటస్థము, తగ్గినకొలది ఆమ్లము, పెరిగినకొలది క్షారము. ఒక మెట్టు దిగినచో పులుపు పదిరెట్లు. నిమ్మరసము సుమారు 2, స్వచ్ఛమైన నీరు 7. నడుమ భేదము ఐదు కాదు, లక్షరెట్లు. కూడికతో వచ్చు మెట్లు కావవి, గుణకారముతో వచ్చునవి.

ఇచట ఒక హెచ్చరిక. అమ్మలారా, మీరును వినుడు. మరుగుదొడ్లు కడుగుటకు అంగళ్ళలో అమ్ము ఆమ్లమును బ్లీచింగ్ పొడితో ఎన్నడును కలుపకుడు. రెండును శుభ్రపరచునవే గదా, కలిపిన రెట్టింపు శుభ్రము కలుగునని కొందరు తలతురు. కలిపినచో క్లోరిన్ వాయువు వెలువడును. మొదటి ప్రపంచ యుద్ధమున 1915లో సైనికులపై ప్రయోగించిన విషవాయువు అదియే. ఇరుకైన గదిలో ఊపిరితిత్తులను కాల్చివేయును. విద్యార్థులకు ఇంకొక మాట: గాఢ ఆమ్లమును పలుచన చేయునపుడు ఆమ్లమును నీటిలో కొద్దికొద్దిగ పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. వేడిపుట్టి చిమ్మి ముఖముపై పడును. పరీక్షలో దీనికి ఒక మార్కు వత్తురేమో తెలియదు, కన్నులు మాత్రము రెండే.

ఆక్సీకరణ క్షయకరణములను గూర్చి ఎక్కువ చెప్పను. ఎలక్ట్రాన్లను పోగొట్టుకొనుట ఆక్సీకరణము, పొందుట క్షయకరణము. పొందుటను క్షయమనుట యేమని ఒక బాలుడు నన్నడిగెను, మంచి ప్రశ్న. ఎలక్ట్రాన్ ఋణావేశము గలది, అనగా అప్పు. నిలువ రెండు రూపాయలున్నవానికి రెండు రూపాయల అప్పు చేరినచో నిలువ సున్నయగును. రాగి అయాన్ ధన రెండునుండి సున్నకు దిగుట అట్లే. ఒకడు పొందకుండ మరియొకడు పోగొట్టుకొనుట లేదు గనుక ఈ రెండు చర్యలును ఎల్లప్పుడు జంటగనే జరుగును.

చూడవలెనన్నచో తోటకు పొండు. తెగుళ్ళకు మైలుతుత్తము, సున్నము కలిపి చల్లు మందును బోర్డో మిశ్రమమందురు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో మిలార్డె పండితుడు 1885లో దీనిని ప్రకటించెను. నూటికొక పాలు మిశ్రమమునకు 100 లీటర్ల నీటికి మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో. దీనిని ఇనుప పాత్రలో కలుపరాదని పెద్దలు చెప్పుదురు. ఏల? ఇనుము తన ఎలక్ట్రాన్లను రాగికి ఇచ్చి తాను కరిగిపోవును, రాగి పాత్ర గోడకు అంటుకొనును, మందు చెడును. సున్నము చాలినదా లేదా యని తెలిసికొనుటకు తోముకొన్న కొడవలి మొనను ముంచి చూతురు. ఎర్రని రాగిపొర పట్టినచో సున్నము చాలలేదు. ఆ కొడవలిపై మీ పాఠమంతయు వ్రాసియున్నది: స్థానభ్రంశ చర్య, క్రియాశీలత శ్రేణి, ఆక్సీకరణము, క్షయకరణము.

చివరకు ఆవర్తన పట్టిక. దీనిని ప్రతి పిల్లయు గోడకు అంటించుకొనును, చదువువారు తక్కువ. రష్యా దేశపు మెండలీఫ్ 1869లో మూలకములను బరువుల వరుసన పేర్చి, గుణములు కుదరనిచోట ధైర్యముగ గడి ఖాళీగ విడిచెను. మా లెక్కలలో ఖాళీ పద్దు దోషము. ఆయన ఖాళీలే ఆయనకు కీర్తి తెచ్చినవి. ఇంకను కనుగొనబడని ఆ మూలకములకు ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టెను. 'ఏక' మన సంస్కృతపు మాటయే! ఆ గడికి ఒక గడి క్రిందనుండునది యని భావము. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరకి ఆ మూడు గడులను నింపినవి. ఏక-సిలికాన్ పరమాణుభారము 72 ఉండునని ఆయన ముందుగ వ్రాసెను. జెర్మేనియమునకు నేడు కొలిచినది 72.6. తరువాత 1913లో మోస్లే యను యువకుడు వరుసకు ఆధారము బరువు కాదు, పరమాణు సంఖ్య యని తేల్చెను. ఇపుడు గడులు 118. ఏడవ వరుస నిండుగ పూర్తియై 2016లో చివరి నాలుగింటికి పేర్లు పెట్టిరి. సంకేతములు కొన్ని పేరునకు పొంతన లేకుండ కనబడినచో దిగులు పడకుడు. సోడియమునకు ఎన్ఏ, ఇనుమునకు ఎఫ్ఈ, వెండికి ఏజీ యని వ్రాయుట వాటి లాటిన్ పేర్లు నేట్రియం, ఫెర్రం, అర్జెంటం అగుటచే. పద్యము నేర్చుకొన్నట్లు వాటిని మాత్రము నోటికి పట్టించుకొనక తప్పదు. వల్లె వేయవలసినవి ఈ శాస్త్రములో అట్టి కొన్నియే.

ఇక చేయవలసిన యేర్పాటు. వచ్చు సోమవారము మొదలు పరీక్షలు ముగియువరకు ప్రతి సాయంకాలము ఆరునుండి ఎనిమిదివరకు పఠన మందిరపు తూర్పు బల్ల పదవ తరగతివారి కొరకు విడిచిపెట్టుటకు కార్యవర్గమువారు సమ్మతించిరి. పాఠము నేను చెప్పను. చెప్పుటకు మీ ఉపాధ్యాయులున్నారు. మీలో ఒకరు పుస్తకము మూసి, ఆనాటి సంగతిని ప్రక్కవారికి తమ మాటలలో చెప్పవలెను. ప్రక్కవారు "ఎచటనుండి వచ్చినది? ఎచటకు పోయినది?" అని అడుగుచుండవలెను. చిక్కుపడినచోటు ఒక చిఠ్ఠాలో తేదీతో వ్రాసికొని మరునాడు ఉపాధ్యాయుల నడిగి కొట్టివేయవలెను. పరీక్ష ముందు రాత్రి చదువవలసినది ఆ చిఠ్ఠాయే గాని గైడు కాదు.

తల్లిదండ్రులకు నా మనవి. ఆడపిల్లలను కూడ పంపుడు. ఎనిమిది గంటలకు వారిని ఇండ్లకు చేర్చుటకు గ్రంథపాలకుని భార్యయు, నేనును వీథి వీథి వెంట వత్తుము. కిందటి యేడు తప్పినవారును రావచ్చును. మరల వ్రాయుటకు రుసుము లేనివారు నాతో ఒంటరిగ చెప్పినచో చాలును, పేరు ఏ పుస్తకములోను ఎక్కదు.

మన యూరి కంసాలిగారు తమ చిన్న త్రాసును వారమునకు రెండు దినములు ఇచ్చెద మనిరి. సోమవారము మొదట తూచునది సున్నమే. వచ్చువారు ఒక కలము, తెల్ల కాగితములు, ఇంట నున్నచో పిడికెడు పొడిసున్నము మూతగల డబ్బాలో తీసికొని రావలెను. చేతులతో ముట్టకుడు.